పసిచేతులకు సంకెళ్లు

ఏటేట జూన్ మాసము వచ్చునప్పటికి మన పట్టణములలో నొక దృశ్యము తప్పక కనబడును. ఎండ ముదురకమునుపే వీధి మొగలో పసుపుపచ్చని బండి వచ్చి నిలుచును. తల్లి యొక చేత అన్నపు డబ్బాను, వేరొక చేత మూడేండ్ల బిడ్డను పట్టుకొని పరువెత్తుకొని వచ్చును. బిడ్డ కండ్లలో నిద్ర యింకను వీడలేదు. మెడకు టై కట్టినారు, కాళ్లకు బూట్లు తొడిగినారు, వీపున సంచి తగిలించినారు. బండి యెక్కనని బిడ్డ తల్లి కొంగు పట్టుకొని యేడ్చును. బండివాడు ఆ చిన్ని వ్రేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, బిడ్డను లోపల కూర్చుండబెట్టి తలుపు వేయును. బండి కదలును. తల్లి కండ్లు తుడుచుకొని, "నాలుగు దినములు పోయిన అలవాటు పడును" అని తనకు తాను చెప్పుకొనుచు నింటిలోనికి పోవును.

న్యాయస్థానములలో ఏండ్ల తరబడి మెలగినవారము గనుక, మనుష్యులను బండి యెక్కించి తీసికొనిపోవుట మేమెఱుగని విషయము కాదు. ఎంతటి దుర్మార్గుని బట్టినను, ఏ నేరము క్రింద పట్టిరో వానికి తెలుపవలెను. ఇరువది నాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. వాని పక్షమున పలుకుటకు ప్లీడరు నుంచుకొను హక్కు వానికి కలదు. ఈ మూడేండ్ల బిడ్డ చేసిన నేరమేమి? వాని పక్షమున పలుకువారెవరు? ఈ వారము ఆ వకాల్తాను మేము పుచ్చుకొనుచున్నాము. ఫీజు లేదు, కక్షిదారునకు సంతకము చేయుటయు రాదు. రాకపోవుటయే ధర్మమని యీ వ్యాసమున వాదింపబోవుచున్నాము.

ఆ తలుపు వెనుక నేమి జరుగుచున్నదో విచారింతము. బిడ్డను బల్లపై కూర్చుండబెట్టుదురు. "చేతులు కట్టుకొనుము, నోటిపై వ్రేలు వేసికొనుము" అను రెండాజ్ఞలు మొదటి దినముననే వినబడును. లోకమును తెలిసికొనుటకు ఆ వయస్సున బిడ్డకు గల ముఖ్య సాధనములు చేయియు నోరును. చేత తాకి చూచును. నోట అడిగి చూచును. ఆ రెంటిని బంధించిన పిమ్మట మనవారు విద్య మొదలుపెట్టుచున్నారు! నాలుగు గీతల పుస్తకమొకటి ముందుంచి, ఆంగ్లాక్షరమొకదానిని పుట నిండ వ్రాయుమందురు. ఇంటికి వచ్చిన పిమ్మట మరి రెండు పుటలు. ఆదివారమునకు నాలుగు పుటలు. అడుగున తల్లి సంతకము. ఈ సేవకు వేలకు వేలు రుసుము. అప్పు చేసియైనను తండ్రి యిచ్చును. తన బిడ్డ వెనుకబడునను భయము వానిని తరుముచున్నది.

ఇందుకు మా మొదటి సాక్షి బిడ్డ మణికట్టే. పెద్దవాని మణికట్టున ఎనిమిది చిన్న యెముకలు కలవు. పుట్టిన బిడ్డకు ఆ స్థానమున నుండునది మెత్తని మృదులాస్థి. ఏండ్లు గడచుకొలది ఒక్కొక్కటిగా నది యెముకయై గట్టిపడుచు వచ్చును. ఎనిమిదింటిలో చివరిది గట్టిపడ నారంభించునప్పటికి బిడ్డకు పదేండ్ల ప్రాయము సమీపించును. వైద్యులు చేతికి ఎక్స్‌రే తీసి బాలుని వయస్సు నంచనా వేయుట యీ కారణముచేతనే. అట్టి పత్రములు కోర్టులలో దాఖలగుచుండుట ప్లీడర్లందఱు నెఱుగుదురు. మూడేండ్ల మణికట్టు మట్టి పిసుకుటకు, నీరు పోయుటకు, గింజలేరుటకు, త్రాడు లాగుటకు సిద్ధముగ నున్నది. సన్నని గీతల నడుమ నూరుమార్లొక అక్షరమును గీయుటకు సిద్ధముగ లేదు. పచ్చి కుండలో నీరు పోసి, కుండ కరగిపోయినదని కుండను తిట్టువాని నేమందుము?

రెండవ సాక్షి మా వీధివాడే, అయిదేండ్ల బాలుడు. వాడు చదువుకొను బడివారు వేసవి సెలవులకు ముందు తల్లిదండ్రులను పిలిపించి, "మీవాడు మందకొడి, చెప్పినది వ్రాయడు, ఇదే తరగతి మరల చదివింపుడు" అని చెప్పి పంపిరి. తండ్రి నాలుగు దినములు తల యెత్తుకొని తిరుగలేదు. ఆ వేసవిలో వారి యింటికి తాటిముంజెలు వచ్చినవి. ముంజెలు తినగా మిగిలిన రెండు కాయలను బాలుడు తీసికొని, నడుమ నొక పుల్ల గ్రుచ్చి యిరుసు చేసినాడు. ఒక పంగలకర్ర తెచ్చి దానిని త్రోయ మొదలిడినాడు. బండి తిన్నగ పోదాయెను. ఎంత త్రోసినను ఎడమకు తిరుగుచుండెను. బాలుడు కోపగించుకొనలేదు, ఏడ్వలేదు. క్రింద కూర్చుండి రెండు కాయలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినాడు. ఎడమకాయ చిన్నది. పెంటకుప్పకు పోయి మరి నాలుగు కాయలేరి తెచ్చి, ఒకదానిపై నొకటి యుంచి కొలిచి, సమానమైన రెంటిని జతపఱచినాడు. బండి తిన్నగ పోయినది. అంతటితో నూరకుండక, గుండ్రముగ తిరుగు బండి కావలెనని చెప్పి, మరల నొక పెద్దకాయను నొక చిన్నకాయను కావలెననియే జతచేసినాడు!

పాఠకమహాశయులారా! చక్రముల పరిమాణము వేఱైనచో బండి చిన్న చక్రము వైపు తిరుగుననునది యంత్రశాస్త్రములోని సత్యము. దానినెవరును వానికి చెప్పలేదు. సందేహము వానిదే, పరీక్ష వానిదే, పొరపాటు వానిదే, దిద్దుబాటు వానిదే. ఆ మీదట తాను కనుగొన్న దానిని వేఱొక పనికి వినియోగించుకొన్నాడు. ఇంతకన్న శాస్త్రవేత్త చేయునదేమి? ఇట్టివానిని "మందకొడి" యని తీర్పు చెప్పిన బడి నేమందుము? ఆ బడి వాని బుద్ధిని పరీక్షింపలేదు. వాని మణికట్టును పరీక్షించి, బుద్ధి లేదని తీర్పు చెప్పినది.

ఇట్లు బిడ్డ తన చేతులతో చేయుచు, తన ప్రశ్నను తానే వెంబడించుచు నేర్చు పద్ధతికి విద్యావేత్తలు ప్రాజెక్టు పద్ధతియని పేరిడిరి. అమెరికాలో కిల్పాట్రిక్ అను నాచార్యుడు 1918లో నీ పేరుతో నొక వ్యాసము ప్రకటించెను. పేరు క్రొత్తది గావచ్చును; పని మనకు క్రొత్త కాదు. ఏడు చేపల కథ వినని తెలుగుబిడ్డ గలడా? చేప యెందుకెండలేదని మొదలిడి, గడ్డిని, ఆవును, పాలేరును, అవ్వను, పిల్లవానిని, చీమను వరుసగ నడుగుచు కారణము వెనుక కారణమును పట్టుకొని పోవుటయే యా కథ. ప్రశ్న వెంబడి పోవుటను మన యవ్వలు ఉగ్గుపాలతో నేర్పిరి. "నోటిపై వ్రేలు వేసికొను"మని నేర్పినది వీరు.

అంగన్‌వాడీలో ఈ పద్ధతి యెట్లు నడచునో యొక్క యుదాహరణము చెప్పెదము. గోడవెంట చీమలబారు పోవుచున్నది. "ఇవి యెక్కడికి పోవుచున్నవి?" అని యొక పిల్ల యడిగినది. పంతులమ్మ వెంటనే జవాబు చెప్పదు. "చూతము, రండు" అనును. పిల్లలు బారు వెంట పోయి పుట్టను కనుగొందురు. బెల్లపు ముక్క నొకచోట, ఉప్పురాయి నొకచోట నుంచి, చీమలు దేనికి పోవునో కాచుకొని చూతురు. ముగ్గుపిండితో వాని దారిని గీతురు. ఎన్ని వచ్చినవో చింతగింజలు పేర్చి లెక్కింతురు. మఱునాడు మట్టితో పుట్ట చేయుదురు. వాన కురిసిన చీమలేమగునని యొకడడుగును. చెంబుతో నీరు పోసి తమ మట్టిపుట్టనే పరీక్షింతురు. వారము దినములు గడచునప్పటికి వారికి లెక్క వచ్చినది, మాట వచ్చినది, ఓర్పు వచ్చినది, తోడివానితో కలిసి పనిచేయుట వచ్చినది. అప్పుడు పంతులమ్మ వారు చేసిన పుట్ట ప్రక్కన "చీమ" యని పెద్దయక్షరములతో వ్రాసి పెట్టును. ఆ మాట వారిది. గనుక ఆ యక్షరమును వారిదే. ఖర్చెంత? ఒక బెల్లపు ముక్క.

ఇక నెదిరిపక్షమువారి వాదములను విందము.

మొదటిది: "ఇది ధనవంతుల వేడుక, బీదల బిడ్డలకు అక్షరములే దిక్కు" అందురు. చరిత్ర దీనికి సరిగా విరుద్ధముగ సాక్ష్యమిచ్చుచున్నది. మేరియా మాంటిసోరి తన మొదటి శిశుగృహమును 1907 జనవరిలో తెఱచినది రోము నగరపు సాన్ లొరెంజో పేటలో. అది కూలివారు నివసించు బీదపేట. తల్లిదండ్రులు పనికి పోగా మెట్లపై తిరుగాడు పిల్లలే యామె మొదటి శిష్యులు. ఇటలీలోని రెజియో ఎమీలియా ప్రాంతమున, 1945లో యుద్ధము ముగిసిన వెంటనే, విల్లా చెల్లా యను పల్లెవారు జర్మను సైన్యము విడిచిపోయిన యొక టాంకును, కొన్ని లారీలను, గుఱ్ఱములను అమ్మి, ఆ సొమ్ముతో తమ పసిబిడ్డలకు బడి కట్టుకొనిరి. ఇసుకను ఇటుకలను తామే మోసిరి. ఆ బడిని చూడవచ్చిన లోరిస్ మలగుజ్జి యను యువోపాధ్యాయుడు ఆ యుద్యమమునకే జీవితమంకితము చేసెను. పిల్లల ప్రశ్నలను వారముల తరబడి వెంబడించు ఆ బడుల పద్ధతిని చూచుటకు నేడు దేశదేశముల నుండి విద్యావేత్తలు పోవుచున్నారు. యుద్ధపు టాంకును బడిగా మార్చిన ఆ రైతుకూలీలు ధనవంతులా?

మన దేశమునకు వత్తము. భావనగరమున దక్షిణామూర్తి సంస్థలో 1920లో బాలమందిరమును తెఱచిన గిజుభాయి బధేకా మా వృత్తివాడే. వధ్వాణులో ప్లీడరుగ నుండి, ఆ వృత్తిని వదలి పసిపిల్లల నడుమ కూర్చుండెను. కథలు, నాటకములు, తోటపని, ఆటలు: ఇవియే యాతని పాఠములు. గుజరాతు ప్రజలాతనిని "మీసాల తల్లి" యని పిలిచికొనిరి. ఆతని "దివాస్వప్నము" తెలుగుననువాదమై మన యుపాధ్యాయుల చేతులకును వచ్చినది. ఆతనితో కలిసి పనిచేసిన తారాబాయి మోడకు 1945లో బొంబాయికి ఉత్తరమున నున్న బోర్డీ గ్రామమునకు పోయి, అనుతాయి వాఘుతో కూడ, గిరిజనుల బిడ్డలకు బడి పెట్టినది. బిడ్డలు బడికి రాకపోయినప్పుడు, బడియే వారి యింటి ముంగిలికి పోవలెనని నిశ్చయించి, వాకిళ్లలోనే పిల్లలను చేర్చి, గవ్వలు, ఆకులు, గింజలు, రాళ్లు పరికరములుగ నేర్పిరి. నేడు దేశమంతట "అంగన్‌వాడి" యని మనము పలుకు మాటలోని భావమిదియే: ముంగిటి బడి. ఇక నెచ్చట నున్నది ధనవంతుల వేడుక?

వింత యేమనగా, సాన్ లొరెంజో కూలివారి బిడ్డలకై పుట్టిన మాంటిసోరి పేరు నేడు మన పట్టణములలో వీధికొక బోర్డుపై వ్రేలాడుచున్నది. ఆమె 1939లో మదరాసు అడయారునకు వచ్చి, మన యుపాధ్యాయులకు స్వయముగ శిక్షణ నిచ్చెను. యుద్ధకారణమున 1946 వఱకును ఈ దేశముననే యుండెను. ఆ బోర్డు తగిలించిన బడులలో నెన్నింట లోపల నడుగిడి చూచితిరేని, కొయ్య యుపకరణములు అద్దాల బీరువాలో తాళము వేసి కనబడును. పిల్లలు నాలుగు గీతల పుస్తకముపై వంగి కనబడుదురు. పేరు బోర్డుపై నున్నది. పద్ధతి బీరువాలో నున్నది. నెయ్యి యని వ్రాసి డాల్డా యమ్ము వర్తకుని శిక్షించుటకు చట్టము కలదు. ఇట్టి వర్తకమును శిక్షించుటకు లేదు.

రెండవ వాదము గౌరవింపదగినది. "ఇట్టి పథకములు మన దేశమున లోగడ విఫలమైనవి గదా! వార్ధా విద్య యేమైనది?" అందురు. నిజమే. దీనిని దాచుట మాకిష్టము లేదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముడు జరిపిన మహాసభయు, జాకిర్ హుస్సేను సంఘపు నివేదికయు, చేతిపనిని విద్యకు కేంద్రము చేసినవి. అది మహత్తరమైన భావము. బుద్ధికిని చేతికిని నడుమ మనము కట్టిన కులగోడను కూల్చదలచిన భావము. కాని అది సర్కారు శాఖల చేతిలో పడినప్పుడేమాయెను? పెక్కుచోట్ల ప్రతి బాలునకు నొక తకిలి యిచ్చి, గంట కొట్టగానే వడుకుమనిరి. గంట కొట్టగానే యాపుమనిరి. బిడ్డ ప్రశ్న యేదియో అడిగినవారు లేరు. ఆర్థికభాగము మితిమీరి విద్యాభాగమును మ్రింగివేయు ప్రమాదము కలదని ఆ సంఘమే తన నివేదికలో హెచ్చరించియుండెను. ఆ హెచ్చరికను మనము వినలేదు. అందువలన తేలినదేమి? చేతికి పని యిచ్చుట మాత్రము చాలదు. ఆ పని బిడ్డ కుతూహలము నుండి పుట్టవలెను. ఆజ్ఞచే వడికిన నూలును, ఆజ్ఞచే దిద్దిన అక్షరమును ఒక్కటే. వార్ధా విఫలమైనందున చేతిని విడువరాదు. బిడ్డను విడిచినందువలన వార్ధా చెడినదని గ్రహింపవలెను.

మూడవ వాదము తల్లిదండ్రులది: "ఆటలాడుచు కూర్చున్న, రేపు పోటీపరీక్షలలో మావాడు నిలుచునా?" అయ్యా! మీ భయమును మేము పరిహసింపము. ఉద్యోగములు కొలది, పోటీ మెండు. మీరు చూచిన లోకమది. కాని మీరు కోరు ఇంజనీరు ఎట్టివాడు? బండి యెందుకు ప్రక్కకు తిరిగినదో తెలిసికొనగలవాడా, లేక తిరుగుచున్న బండిని గూర్చి నూరుమార్లు వ్రాయగలవాడా? మరియొక మాట. బిడ్డ చేత నడచు విద్య యనగా ఉపాధ్యాయుడు చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. చదువుట తానుగా వచ్చునది కాదు. అక్షరమునకు ధ్వనికి గల సంబంధమును ఓర్పుతో, క్రమముగ, తప్పక నేర్పవలెను. దానికి తగిన వయస్సు వచ్చినప్పుడు నేర్పుడు. బిడ్డ నోట నున్న తెలుగు మాటలతో మొదలిడి నేర్పుడు. అక్షరము వద్దని మేమనుటలేదు. అనుభవము లేని నోట అక్షరము కుక్కవద్దనుచున్నాము. ఆకలి పుట్టిన పిమ్మట పెట్టిన ముద్ద బలమగును. ఆకలి లేనప్పుడు కుక్కిన ముద్ద వాంతియగును.

ఇది తెలుగునేలపై సాధ్యమా యనువారు మదనపల్లె వైపు చూడవచ్చును. ఋషివ్యాలీ విద్యాసంస్థవారు చుట్టుపట్ల పల్లెలలో చిన్న చిన్న బడులు పెట్టి, పలు తరగతుల పిల్లలు ఒక్క గదిలోనే, కార్డులతోను, వస్తువులతోను, ఎవరి నడకన వారు నేర్చుకొను పద్ధతిని తెలుగుననే నిర్మించి చూపిరి. ఆ పద్ధతి యితర రాష్ట్రములవారికి నాదర్శమైనది. మన పెరటి చెట్టు పొరుగువారికి మందైనది, మనకు కాలేదు.

ఇక చట్టమును పరిశీలింతము. ఇదియే మా వ్యాజ్యమునకు మూలము. పాఠకులు కొంచెము ఓపికతో వినవలెను.

1950లో మన రాజ్యాంగము ప్రవేశపెట్టినప్పుడు 45వ అధికరణము పదునాలుగేండ్లు నిండువఱకు పిల్లలందఱకును, పదేండ్లలోపల, ఉచిత నిర్బంధవిద్య నేర్పఱుపుటకు రాజ్యము యత్నింపవలెనని చెప్పెను. ఆఱేండ్ల నుండి యని చెప్పలేదు. పైయెల్ల గలదు గాని క్రిందియెల్ల లేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను వ్యాజ్యమున (మన రాష్ట్రము పేరనే వెలసిన తీర్పది) సుప్రీముకోర్టు పదునాలుగేండ్లు నిండువఱకు విద్య ప్రాథమికహక్కని ప్రకటించెను. పసిబిడ్డకును అందు చోటుండెను. పిమ్మట 2002లో 86వ సవరణము వచ్చినది. దేశమంతయు హర్షించినది; విద్య రాజ్యాంగమున ప్రాథమికహక్కుగ వ్రాయబడినదని మిఠాయిలు పంచుకొన్నది. ఆ సంబరమున నొక సంఖ్య నెవరును గమనింపలేదు. హక్కు ఆఱేండ్ల నుండి పదునాలుగేండ్ల వఱకే! ఆఱేండ్ల లోపలి బిడ్డను హక్కుల యింటి నుండి వెలుపలికి పంపి, 45వ అధికరణమున "యత్నింపవలెను" అను నరుగుపై కూర్చుండబెట్టిరి.

2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి యమలుపఱచిన విద్యాహక్కు చట్టమును చూడుడు. అందలి 29వ సెక్షను బంగారపు సెక్షను. పిల్లలు పనుల ద్వారమున, అన్వేషణము ద్వారమున, కనుగొనుట ద్వారమున నేర్వవలెననియు, బిడ్డయే కేంద్రముగ నుండవలెననియు, భయము లేకుండ నుండవలెననియు, సాధ్యమైనంతవఱకు మాతృభాషలో బోధింపవలెననియు చెప్పుచున్నది. మేమింతవఱకు వాదించిన దంతయు చట్టము ముందే యంగీకరించినది! కాని ఎవరికి? ఆఱేండ్లు నిండినవారికి. ఆ పద్ధతి యెక్కువ యవసరమైన మూడు నుండి ఆఱేండ్లవారికి 11వ సెక్షను కలదు. ఉచిత పూర్వప్రాథమిక విద్యకు ప్రభుత్వము ఏర్పాట్లు "చేయవచ్చును" అని యది పలుకుచున్నది. "చేయవలెను" అని కాదు. ఈ రెండు క్రియల భేదము ప్లీడరునకు తెలియును: మొదటిది దయ, రెండవది హక్కు. దయకై కోర్టున దావా వేయుటకు వీలులేదు.

13వ సెక్షను బడిలో చేర్చుకొనుటకు బిడ్డను పరీక్షించుటను నిషేధించి, మొదటి తప్పునకు 25 వేల రూపాయల వఱకు, తరువాతి ప్రతి తప్పునకు 50 వేల వఱకు జుల్మానా విధించుచున్నది. కాని ఆ చట్టమున "బిడ్డ" యనగా ఆఱేండ్లు నిండినవాడు. నర్సరీ ప్రవేశములకు సామాన్యముగ ఈ చట్టము వర్తింపదని 2013 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పవలసివచ్చినది. చట్టమును నర్సరీలకును వర్తింపజేయు విషయమును ప్రభుత్వమాలోచింపవలెనని యా న్యాయస్థానమే సూచించినది. ఆఱేండ్లవానిని పరీక్షించుట నేరము. మూడేండ్లవానిని పరీక్షించుట వ్యాపారము! ఇట్టి న్యాయమేలోకమునందైన కలదా?

2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వఱకు నొక్క పునాదిదశగ నెంచి, ఆటయే మార్గమని చెప్పి, 2030 లోపల పసిబిడ్డలందఱకు నుత్తమవిద్య నందింతుమని వాగ్దానము చేసినది. 2022లో దానికి పాఠ్యప్రణాళికయు, 2023లో బొమ్మలు, పజిళ్లు, కథలు గల "జాదూయీ పిటారా" యను పెట్టెయు వచ్చినవి. సంతోషమే. కాని విధానము చట్టము కాదు. పెట్టె హక్కు కాదు. పెట్టె తెఱచువారెవరు?

తెఱచువారు అంగన్‌వాడీ కార్యకర్తలు. 1975 అక్టోబరు 2న 33 ప్రాంతములలో మొదలైన ఆ పథకము నేడు దేశమంతట వ్యాపించినది. ఆ తల్లి యొక్కతియే బిడ్డల బరువు తూచవలెను, గుడ్డు పంచవలెను, గర్భిణులను చూడవలెను, రిజిస్టరులు నింపవలెను, ఫోనులో ఫోటోలెక్కింపవలెను. మిగిలిన కాలమున బడి నడుపవలెను. ఇంతకును ఆమెకిచ్చునది జీతము కాదట, "గౌరవవేతన"మట! 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఆ తల్లులు సమ్మెకట్టి నలుబది దినములు వీధిలో కూర్చుండిరి. 2024 జనవరిలో ప్రభుత్వము వారిపై ఎస్మా ప్రయోగించి, వారిది "అత్యవసర సేవ" యని ప్రకటించినది. ఎంత చక్కని తర్కము! సమ్మె చేసిననాడు సేవ అత్యవసరము. జీతమడిగిననాడు సేవ స్వచ్ఛందము. వీరికి గ్రాట్యుటీ హక్కు కలదని 2022లో తీర్పు చెప్పుచు సుప్రీముకోర్టు, అంగన్‌వాడీలలో నడచునది 11వ సెక్షను క్రింది పూర్వప్రాథమిక విద్యయే యని గుర్తించినది. కోర్టు ఉపాధ్యాయురాలుగ గుర్తించినదానిని ప్రభుత్వములు కూలిదానిగ చూచుచుండగా, బిడ్డ ప్రశ్నకు జవాబు వెదకు తీరిక యామెకెక్కడిది?

కావున మా ప్రార్థన నాలుగు మాటలు. ఒకటి: విద్యాహక్కు చట్టపు 11వ సెక్షనున "వచ్చును" తీసి "వలెను" వ్రాయుడు, మూడేండ్లు నిండిన ప్రతి బిడ్డను "బిడ్డ" యని యంగీకరింపుడు. రెండు: పసిపిల్లలకు ప్రవేశపరీక్షను, ఇంటిపనిని నేరముగ నెంచి, ఆ జుల్మానాను నర్సరీలకును వర్తింపజేయుడు. మూడు: అంగన్‌వాడీకి ఇద్దరిని నియమింపుడు, పోషణ యొకరిది, బోధన యొకరిది, ఇద్దరికిని జీతము జీతముగ నిండు. నాలుగు: పసివారి బోధన తెలుగున, వారి యింటిభాషలో నుండనిండు.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. ప్రభుత్వము కదలువఱకు మన చేతులు కట్టుకొని కూర్చుండుట తగదు. చేతులు కట్టుకొనుటయే గదా మన వ్యాజ్యమునకు మూలము! ఈ వ్యాసమును పఠనాలయమున చదువుచున్న మిత్రులారా! మీ పఠనాలయపు వాకిట కొంత చోటు కలదు. వారమునకొక సాయంకాలము వీధిపిల్లలను అచ్చట చేర్పుడు. మట్టి, నీరు, గింజలు, త్రాడు, పాతచక్రములు వారి ముందుంపుడు. ఏమి చేయవలెనో చెప్పకుడు; ఏమి చేయుచున్నారో చూడుడు. మీ బిడ్డ బడికి పోయి, నాలుగు గీతల పుస్తకము నెందుకు పెట్టితిరని పంతులమ్మ నడుగక యజమానిని అడుగుడు. ఒక్కరడిగిన త్రోసివేయును, నలుబదిమంది యడిగిన త్రోయలేడు. ఆతడు మీ భయమును అమ్ముకొనుచున్నాడు. మీరు కొనుట మానినచో అంగడి తానే మూతపడును.

ఆ మా వీధి బాలుడేమాయెనని యడుగుదురేమో! తండ్రి వానిని ఆ బడి మాన్పించి, నాలుగు వీధుల యవతల నున్న ప్రభుత్వపాఠశాలకు పంపుచున్నాడు. బంధువులు నవ్విరి. మొన్న వాడు మా యింటికి వచ్చి, తన బండికి మూడవ చక్రము కావలెనని చెప్పి, మా యింట పాత డబ్బామూత యేదైన కలదాయని యడిగినాడు. మూడవ చక్రమెందుకని యడిగితిమి. "రెండిటితోనైతే త్రోయువాడొకడుండవలెను, మూడుంటే అదే నిలుచును" అన్నాడు.

ఆ మాట విని మేము డబ్బా నూనె వేఱొక పాత్రలో పోసి, మూత వానికిచ్చితిమి. దేశము తన మూతను ఎప్పుడిచ్చునో!